ఫ్లోమ్ నుంచి గుడ్వాంగెన్: నేరోయ్ ఫియర్డ్‌లో కరెంటు పడవ మీద రెండు గంటలు

నార్వే పశ్చిమాన ఫ్లోమ్ నుంచి గుడ్వాంగెన్‌కి రోడ్డు మీద 20 కిలోమీటర్లు. బస్సెక్కితే 20 నిమిషాల్లో దిగిపోతారు. దారిలో చాలా భాగం సొరంగాలే. ఒకటి 5 కిలోమీటర్లు, రెండోది 11 కిలోమీటర్ల పైచిలుకు. కొండ కడుపులోంచి వెళ్తారు కాబట్టి కొండ కనబడదు. అదే ఊరికి నీటి మీద వెళ్తే రెండు గంటలు. ఈ సమీక్ష ఆ రెండు గంటల పడవ ప్రయాణం గురించి. టికెట్లు ఇప్పుడు నార్వేస్ బెస్ట్ పేరుతో అమ్ముతున్నారు. ఏడాది పొడవునా నడుస్తుంది, చలికాలంలో ట్రిప్పులు తగ్గుతాయి.

మా మార్కులు ఐదుకి నాలుగున్నర. ప్రయాణానికీ పడవకీ నిండుగా ఐదు ఇవ్వొచ్చు. వేసవి మధ్యాహ్నాల రద్దీకీ, పడవలో దొరికే తిండికీ అర మార్కు తగ్గించాం. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. చాలామంది దీన్ని ఓస్లో నుంచి బెర్గెన్ వెళ్లే ఒక్కరోజు చుట్టుతిరుగుడులో ఒక మజిలీగా పెట్టుకుంటారు. రైలు దిగి పరుగు, పడవ దిగి పరుగు. అలా చేస్తే డబ్బంతా పెట్టి సగమే చూసినట్టు. ఫ్లోమ్‌లోనో, పక్కనున్న ఔర్లాండ్‌లోనో ఒక రాత్రి ఉండి, పొద్దుటి తొలి పడవ ఎక్కండి. ఈ సమీక్షలో ఒక్క సలహాయే పాటిస్తామంటే ఇది పాటించండి.

పేరు గురించి చిన్న సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి మనవాళ్లు ‘ఫ్లామ్’ అంటారు. అక్కడి ‘ఎ’ మీద చిన్న సున్నా ఉంటుంది, దాన్ని ‘ఓ’లా పలుకుతారు. రైల్లో అనౌన్స్‌మెంట్ ‘ఫ్లోమ్’ అనే వినిపిస్తుంది. ఓస్లో-బెర్గెన్ లైన్లోని మిర్డాల్ స్టేషన్లో ఫ్లోమ్ రైలుకి మారేటప్పుడు ఈ సంగతి తెలిసుంటే కంగారు తప్పుతుంది.

బళ్లో భూగోళం పాఠంలో ఫియర్డ్ తీరం అని చదువుకున్నది ఇక్కడ కళ్లెదుట ఉంటుంది. పాపికొండల మధ్య లాంచీలో వెళ్లినవాళ్లకి రెండు వైపులా కొండలు దగ్గరికొచ్చే ఆ అనుభూతి తెలుసు. కానీ ఆ రెండు లోయలూ పుట్టిన తీరు వేరు. పాపికొండల్ని కోసింది గోదావరి. నది అడుగుని కోస్తుంది, పక్కలు ఏటవాలుగా మిగులుతాయి. ఫియర్డ్‌ని చెక్కింది మంచు. కొండంత మందాన గడ్డకట్టిన హిమానీనదం వేల ఏళ్లపాటు కిందికి జారుతూ, అడుగుతో పాటు పక్కల్ని కూడా ఆకురాయి పెట్టినట్టు గీకేసింది. అందుకే గోడలు నిట్టనిలువుగా ఉంటాయి. మంచు కరిగాక ఆ పల్లంలోకి సముద్రం వచ్చింది. కాబట్టి మీరు వెళ్తున్నది నది మీద కాదు, తీరం నుంచి ఎంతో లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రం మీద. పెద్దదైన సోగ్నే ఫియర్డ్ 200 కిలోమీటర్లకు పైగా పొడవు, 1300 మీటర్ల లోతు. దాని కొమ్మ ఔర్లాండ్ ఫియర్డ్. ఔర్లాండ్‌కి మళ్లీ రెమ్మ నేరోయ్ ఫియర్డ్. ఈ పడవ ఆ కొమ్మలో బయల్దేరి రెమ్మ చివరిదాకా వెళ్తుంది.

ఫ్లోమ్ రేవు వదిలాక పడవ ఉత్తరానికి సాగుతుంది. మొదటి సగం ఔర్లాండ్ ఫియర్డ్. వెడల్పుగా, వెలుతురుగా ఉంటుంది. కుడివైపు ఒడ్డుకి పైన గట్టు మీద ఓటర్నెస్ అనే పాత రైతుల ఇళ్ల గుంపు, ఆ తర్వాత ఔర్లాండ్ ఊరు కనిపిస్తాయి. ఔర్లాండ్ దాటేటప్పుడు తల బాగా పైకెత్తి చూడండి. కొండ మీద 650 మీటర్ల ఎత్తున స్టెగస్టెయిన్ అనే చూపువేదిక గాలిలోకి 30 మీటర్లు పొడుచుకొచ్చి ఉంటుంది. పడవ మీంచి అది అగ్గిపుల్లంత కనిపిస్తుంది. కళ్లకి అసలు కొలత అందేది అప్పుడే. ఆ అగ్గిపుల్ల మీద నిలబడ్డ మనుషులు మనకి ఆనరు.

కాసేపటికి ఎడమవైపు ఉండ్రెడాల్ వస్తుంది. వందమంది లోపు జనం, వాళ్లకి నాలుగైదింతలు మేకలు. 1988 దాకా ఈ ఊరికి రోడ్డు లేదు, పడవే దిక్కు. ఇక్కడి కొయ్య చర్చి 1147 నాటిది, లోపల 40 మంది పడతారు. ఊరు ప్రసిద్ధి మేకపాల జున్నుకి, ముఖ్యంగా గోధుమరంగు జున్నుకి. పాలు విరిగాక మిగిలిన తేటని గంటల తరబడి కాచి కాచి దగ్గరపడేలా చేస్తారు. పాలకోవా కాగే పద్ధతే, రుచిలో తీపితో పాటు ఉప్పు, కొంచెం మేకపాల ఘాటు. ఫ్లోమ్‌లో కొనుక్కోవచ్చు. మొదటిసారికి చిన్న ముక్క చాలు.

ఉండ్రెడాల్ దాటాక పడవ ఒక పెద్ద కొండ ముక్కు చుట్టూ ఎడమకి తిరుగుతుంది. దాని పేరు బైటెలెన్. ఇక్కడి నుంచి అసలు ప్రయాణం మొదలు. ఎండ తగ్గుతుంది, గాలి చల్లబడుతుంది, ఒడ్లు రెండూ దగ్గరికొస్తాయి. నేరోయ్ ఫియర్డ్ పొడవు 17 కిలోమీటర్లు, మరీ ఇరుకైన చోట వెడల్పు 250 మీటర్లు. రెండు పక్కల కొండలు 1700 మీటర్ల దాకా లేస్తాయి. 2005లో గెయిరాంగర్ ఫియర్డ్‌తో కలిపి దీన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ప్రతి మలుపు దగ్గరా ముందు దారి మూసుకుపోయినట్టే ఉంటుంది. గోడ ఎదురొస్తుంది, పడవ ఇంకొంచెం జరుగుతుంది, గోడలో సందు తెరుచుకుంటుంది. పోయేకొద్దీ నీటి లోతు కూడా తగ్గుతుంది. మొదట 500 మీటర్లున్నది, లోపలికి పోయాక ఒకచోట 12 మీటర్లే.

ఈ భాగంలో ఊళ్లన్నీ కుడివైపే. డిర్డాల్, స్టివి, బక్కా. స్టివి దగ్గర ఒడ్డు వెంట రాళ్లు పేర్చిన పాత దారి కనిపిస్తుంది. 17వ శతాబ్దం నుంచి ఓస్లో, బెర్గెన్‌ల మధ్య తపాలా నడిచిన దారి అది. చలికాలం ఫియర్డ్ మీద మంచు పడవకి అడ్డంగానూ మనిషి బరువుకి పల్చగానూ ఉన్నప్పుడు ఉత్తరాల సంచి ఈ గట్టు మీదుగా వెళ్లేది. బక్కాలో 1859 నాటి చిన్న తెల్ల చర్చి, దాని వెనక వెయ్యి మీటర్లకు పైగా కొండ. ఫోటో తీయాల్సింది ఒక్కటే అంటే ఇదే. నీటి అంచు రాళ్ల మీద సీల్ జంతువులు పడుకుని ఉండొచ్చు. చూడాలంటే దూరాన కాకుండా అంచుల వెంట వెతకాలి. తడిసిన రాయిలాగే ఉంటాయి, కదిలితే తప్ప తెలియదు.

నీళ్ల రంగు చూసి ఫోన్లో రంగు ఎక్కువైందేమో అనుకుంటారు. అది నిజం రంగే. కొండ మీద మంచు రాయిని అరగదీసినప్పుడు రేగిన పిండి లాంటి పొడి, కరిగిన నీళ్లతో కలిసి కిందికి వస్తుంది. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి పైపొరగా తేలుతుంది. ఆ పొడి వెలుతురుని చెదరగొట్టడం వల్లే ఆ పాలపచ్చ రంగు.

ఇక పడవ. ఇక్కడ రెండున్నాయి. 2016లో వచ్చిన విజన్ ఆఫ్ ది ఫియర్డ్స్ డీజిలూ బ్యాటరీ రెండూ పెట్టి కట్టిన హైబ్రిడ్. 2018లో వచ్చిన ఫ్యూచర్ ఆఫ్ ది ఫియర్డ్స్ పూర్తిగా కరెంటుది. రెండూ నార్వేలోని బ్రోద్రెనె ఓ కంపెనీ కట్టినవే. ఉక్కు కాదు, కార్బన్ ఫైబర్. 42 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 400 మంది పడతారు. రెండు సన్నటి దోనెల మీద ఒక వేదిక పెట్టినట్టుండే కాటమరాన్ కాబట్టి నీటిని తక్కువ చీలుస్తుంది, అలలు తక్కువ లేస్తాయి. ఇరుకు ఫియర్డ్‌లో అది చాలా అవసరం. పెద్ద అలలు లేస్తే ఒడ్డు కోసుకుపోతుంది, చిన్న పడవలు ఊగిపోతాయి.

కరెంటు పడవలో మీకు దక్కేది నిశ్శబ్దం. టికెట్ ధరలో ఎక్కువ విలువ దానికే అని మా గట్టి నమ్మకం. డీజిల్ ఇంజను ఉంటే జలపాతం దగ్గరికి వెళ్లినా ఇంజను మోతే వినిపిస్తుంది, పైడెక్కు మీద పొగవాసన. ఇందులో నేరోయ్ ఫియర్డ్ లోపలికి వచ్చాక వేగం తగ్గించి వెళ్తుంటే నీళ్లు రాతి మీంచి జారే చప్పుడు, ఒడ్డున మేక మెడలో గంట కూడా చెవిన పడతాయి. అందుకే పైన నిలబడ్డప్పుడు ఫోన్లో పాటలు పెట్టకండి, స్పీకరు మీద వీడియోకాల్ చేయకండి. చుట్టూ ఉన్నవాళ్లు డబ్బు పెట్టింది ఆ చప్పుడు లేకపోవడానికే.

ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో గుడ్వాంగెన్ రేవులో చూడొచ్చు. పడవలో బ్యాటరీ 1.8 మెగావాట్ అవర్. దాన్ని ఇరవై నిమిషాల్లో నింపాలంటే ఒక్కసారిగా లాగే కరెంటుని ఆ చిన్న లోయలోని లైన్లు తట్టుకోలేవు. అందుకని నీటి మీద తేలే 40 మీటర్ల రేవు కట్టి దానిలోపల 2.4 మెగావాట్ అవర్ బ్యాటరీలు పెట్టారు. మన ఇళ్లలో ఓవర్‌హెడ్ ట్యాంకు పనిచేసే పద్ధతే. సన్నటి బోరు మోటారు రోజంతా కొద్దికొద్దిగా ట్యాంకు నింపుతుంది, కావాల్సినప్పుడు కుళాయి తిప్పితే ధారగా వస్తుంది. ఆ రేవు కూడా ఊరి లైను నుంచి నెమ్మదిగా నింపుకుని, పడవ రాగానే గబగబా దానికి పోస్తుంది. 2018లో నార్వే పార్లమెంటు ఈ వారసత్వ ఫియర్డుల్లో పొగ పూర్తిగా ఆపాలని తీర్మానించింది. 10,000 గ్రాస్ టన్నుల లోపు ప్రయాణికుల ఓడలకి ఆ నియమం 2026 జనవరి 1 నుంచి, అంతకన్నా పెద్ద క్రూయిజ్ ఓడలకి 2032 నుంచి.

పడవ బయటి గోడ చుట్టూ కొండదారిలా మెలికలు తిరిగే నడకదారి ఉంది. మెట్లు కాదు, ఏటవాలు బాట. కింది నుంచి పైడెక్కుదాకా దాని మీదే నడిచిపోవచ్చు. దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్నీ, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లనీ పైకి తీసుకెళ్లడం తేలిక. రెండు, 400 మంది ఎక్కినా రెయిలింగ్ పొడవు ఎక్కువ కాబట్టి అంచున చోటు దొరుకుతుంది. వాన పడ్డాక, శీతాకాలంలో మంచు పేరుకున్నప్పుడు మాత్రం ఆ వాలు జారుతుంది. నున్నటి అడుగున్న బూట్లు వద్దు.

ఎక్కగానే అందరూ చేసే తప్పు లోపల అద్దం పక్క సీటు పట్టుకోవడం. సీటు పోతుందన్న భయంతో రెండు గంటలూ అక్కడే కూర్చుంటారు. లోపల వెచ్చగా ఉంటుంది, అద్దాలూ పెద్దవే. కానీ ఈ ఫియర్డ్‌లో చూడాల్సింది నిలువుగా ఉంది. అద్దంలోంచి కొండ నడుం దాకానే కనిపిస్తుంది, శిఖరం కప్పు వెనక ఉండిపోతుంది. ఫోటోలో అద్దం మీద మన నీడలే పడతాయి. మేం చెప్పే పద్ధతి వేరు. మొదటి సగం, ఔర్లాండ్ ఫియర్డ్‌లో, లోపలా బయటా తిరుగుతూ గడపండి. టీ కాఫీలు, టాయిలెట్ అప్పుడే ముగించుకోండి. ఉండ్రెడాల్ కనబడగానే జాకెట్ బిగించుకుని పైకి వెళ్లండి. పడవ ఎడమకి తిరిగాక ఇక కిందికి రావద్దు. పడవ ముందు వైపు ఎదురుగాలి ఎక్కువ, పైడెక్కు వెనక భాగం కాస్త నయం. పిల్లలున్నవాళ్లు వెనకే నిలబడాలి.

వెలుతురు లెక్క కూడా చూసుకోండి. నేరోయ్ ఫియర్డ్‌లో ఫ్లోమ్ నుంచి వచ్చే పడవ నైరుతి దిక్కుగా వెళ్తుంది. అంటే మధ్యాహ్నం దాటాక సూర్యుడు ఎదురుగా ఉంటాడు, కొండలు నల్లటి ముద్దలుగా పడతాయి. కాబట్టి పొద్దున అయితే ఫ్లోమ్ నుంచి, మధ్యాహ్నం అయితే గుడ్వాంగెన్ నుంచి ఎక్కడం మంచిది. రెండూ వీలైతే ఫ్లోమ్ నుంచి పొద్దుటి పడవకే మా ఓటు. వెడల్పు నుంచి ఇరుకులోకి పోవడంలో ఉన్న ఉత్కంఠ, ఇరుకు నుంచి వెడల్పులోకి రావడంలో లేదు.

ఫోన్‌తో తీసేవాళ్లు 0.5 లెన్సు వాడొద్దు. అంతా పడుతుంది కానీ కొండ గుట్టలా చిన్నదైపోతుంది. మామూలు లెన్సుతో ఫోన్ నిలువుగా పట్టుకుని, అడుగున ఒక ఇల్లో కయాకో ఉండేలా తీయండి. కొలత తెలియజేసే వస్తువు ఫోటోలో లేకపోతే ఆ ఎత్తు ఇంటికొచ్చాక ఎవరికీ అర్థం కాదు.

ఏ నెల మంచిదని అడిగితే, మే మూడో వారం నుంచి జూన్ చివరిదాకా. పైన మంచు కరుగుతూ ఉంటుంది, జలపాతాలు నిండుగా ఉంటాయి, శిఖరాల మీద తెలుపు మిగిలే ఉంటుంది. జూన్‌లో పగలు పందొమ్మిది గంటలు. మే 17 మాత్రం చూసుకోండి, అది వాళ్ల రాజ్యాంగ దినం, దుకాణాలు మూసేస్తారు. జూలై, ఆగస్టుల్లో వెచ్చగా ఉంటుంది కానీ జనం ఎక్కువ, సన్న జలపాతాలు కొన్ని దారపు పోగులైపోతాయి. సెప్టెంబరు చివర బర్చ్ చెట్లు పసుపెక్కుతాయి. జనం తగ్గుతారు, ప్రశాంతంగా ఉంటుంది, మా రెండో ఎంపిక అదే. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు కొండ అంచు దాటి పైకి రాడు. తెల్లటి కొండలు, నల్లటి నీళ్లు, నీలిరంగు వెలుతురు. అందం ఉంది, కానీ పగలు ఆరు గంటలే కాబట్టి ఒకటి రెండు ట్రిప్పుల్లోనే ఎంచుకోవాలి.

వాన గురించి భయపడి టికెట్ వాయిదా వేయక్కర్లేదు. బెర్గెన్‌లో ఏడాదికి రెండు వందల రోజులకు పైగా వాన. ఫ్లోమ్ లోపలికి ఉండటం వల్ల అంత ఉండదు. పైగా వాన పడితే ఎండలో లేని సన్న ధారలు వందలకొద్దీ గోడల మీంచి దిగుతాయి. చెడగొట్టేది కిందికి దిగిన మబ్బు. మబ్బు సగం కొండదాకా వచ్చేస్తే శిఖరాలు పోతాయి. ఒక రాత్రి ఉండమన్నది ఇందుకు కూడా. ముందురోజు సాయంత్రం వాతావరణం చూసుకుని, టికెట్లు మిగిలుంటే వేళ ఎంచుకోవచ్చు. నార్వే వాతావరణ శాఖ వాళ్ల ‘యర్’ యాప్ ఇక్కడ మిగతావాటికన్నా నమ్మకంగా చెబుతుంది.

చలి. జూన్‌లో ఒడ్డున 12 డిగ్రీలుంటే, పడవ గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు ఒంటికి 9 డిగ్రీల్లా తగులుతుంది. గంటసేపు నిలబడాలి కాబట్టి అది చిన్న తేడా కాదు. గాలి దూరని జాకెట్, లోపల పల్చటి ఉన్ని స్వెటరు, చేతులకి గ్లోవ్స్. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లకి చీర లోపల థర్మల్ లెగ్గింగ్, చెవులు కప్పే మంకీ క్యాప్ తప్పనిసరి. గొడుగు పనికిరాదు, గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటే దారి.

కడుపులో తిప్పుతుందన్న బెంగ అక్కర్లేదు. సముద్రమే అయినా లోపలికి ఇంత దూరం వచ్చాక అలల ఊపు ఉండదు. లైఫ్ జాకెట్ల గురించి మనవాళ్లు తప్పక అడుగుతారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదం మన జ్ఞాపకంలోంచి పోదు, అడగడం సరైన పనే. ఈ పడవలో జాకెట్లు వేసుకుని కూర్చోబెట్టరు, అవసరానికి అందేలా పడవలో సర్ది ఉంచుతారు. ఎక్కగానే అవి ఎక్కడున్నాయో సూచించే గుర్తు చూసుకుని, మీతో వచ్చిన పిల్లలకీ పెద్దలకీ చూపించండి. ఒక్క నిమిషం పని.

టికెట్ విషయంలో జరిగే పొరపాట్లు చాలావరకు ఒకేరకం. ఈ పడవల్లో కారు ఎక్కదు. కారుతో వచ్చినవాళ్లు ఒక ఊళ్లో బండి పెట్టి, పడవలో వెళ్లి, షటిల్ బస్సులో వెనక్కి రావాలి. ఆ బస్సుకి కూడా టికెట్ పడవతో పాటే తీసుకోండి. పడవ టికెట్ ఒక్కటే తీసుకుని గుడ్వాంగెన్‌లో దిగాక బస్సు నిండిందని తెలిస్తే, ఆ లోయలో తర్వాతి బస్సుదాకా చేసేదేం ఉండదు. పడవలో రానూపోనూ టికెట్ కూడా అమ్ముతారు, నాలుగు గంటలు. అంత అక్కర్లేదు. ఆ రెండు గంటలు ఫ్లోమ్ రైలుకో స్టెగస్టెయిన్‌కో పెట్టండి. ధర నెలని బట్టి, బయల్దేరే వేళని బట్టి మారుతుంది. మధ్యాహ్నం ట్రిప్పులే ముందు నిండుతాయి. పొద్దుటిది, సాయంత్రం చివరిది తరచుగా కాస్త చవక.

రైలుతో కలిపేవాళ్లు జాగ్రత్తగా లెక్క వేయాలి. ఫ్లోమ్ రైలు మిర్డాల్ దగ్గర 866 మీటర్ల ఎత్తు నుంచి సముద్ర మట్టానికి 20 కిలోమీటర్లలో దిగుతుంది, సుమారు గంట. ఫ్లోమ్ స్టేషన్ నుంచి పడవ రేవు రెండు మూడు నిమిషాల నడక. అందుకని పదిహేను నిమిషాల తేడాతో టికెట్లు తీస్తారు. కానీ ఆ రైలు పైన ఓస్లో, బెర్గెన్ల మధ్య నడిచే రైలు కోసం ఆగుతుంది. ఆ లైన్లో ఎక్కువ దూరం ఒకే ట్రాక్. పైన ఒక రైలు ఆలస్యమైతే కిందిదాకా ఆ ఆలస్యం దిగుతుంది. పడవ టికెట్ మీద వేళ రాసి ఉంటుంది, తప్పితే తర్వాతిదాంట్లో ఖాళీ ఉండాలి. కనీసం గంట తేడా ఉంచుకోండి, జూలైలో గంటన్నర. అలాగే ఫ్లోమ్ రేవుకి ఏ రోజు ఏ క్రూయిజ్ ఓడ వస్తుందో ఆన్‌లైన్లో పట్టిక ఉంటుంది. పెద్ద ఓడ వచ్చిన రోజు వేలమంది ఒకేసారి దిగుతారు. ఆ రోజు తప్పించుకోవడం, కుదరకపోతే తొలి పడవ పట్టుకోవడం.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి షెంజెన్ వీసా కావాలి. నార్వే ఐరోపా సమాఖ్యలో లేదు కానీ షెంజెన్‌లో ఉంది. అమెరికా గ్రీన్ కార్డున్నా, హెచ్‌1బి మీదున్నా, లండన్‌లో ఉద్యోగమున్నా పాస్‌పోర్టు మనదే అయితే ఈ వీసా తప్పదు. న్యూజెర్సీ, డాలస్‌ల నుంచి వేసవి సెలవులకి టికెట్లు కొనేసి చివర్లో ఈ సంగతి చూసుకునేవాళ్లు ఉన్నారు. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. 30,000 యూరోల వైద్య బీమా కూడా జతచేయాలి.

తిండి దగ్గర మార్కు తగ్గింది అన్నాం. పడవలో చిన్న కెఫే ఉంటుంది. కాఫీ, బిస్కెట్లు, తేలికపాటి చిరుతిండి. శాకాహారులకి కడుపు నిండేది పెద్దగా ఉండదు, ధర నార్వే ధరే. ఫ్లోమ్‌లో కోఆప్ కిరాణా దుకాణం ఉంది. బ్రెడ్డు, జున్ను, పళ్లు, పెరుగు అక్కడ కొనుక్కుని పడవ ఎక్కేముందే తినేయడం తెలివైన పని. ముందురోజు రాత్రి వంటగది ఉన్న గదిలో దిగితే పులిహోర కలుపుకోవచ్చు. చింతపండు పులుసు చెడిపోదు, బ్యాగులో బరువూ ఉండదు. దేశమంతటా కార్డు నడుస్తుంది, నోట్లు మార్చుకోవాల్సిన అవసరం లేదు.

ఇదే కాకుండా వేరే పడవ ఎంచుకోవచ్చా? కారుతో వెళ్లేవాళ్లకి ఉత్తరాన గెయిరాంగర్ నుంచి హెల్లెసిల్ట్‌కి వెళ్లే కారు ఫెర్రీ గట్టి పోటీ. గంటా అయిదు నిమిషాలు. కింద బండి పెట్టి పైకెక్కి చూడొచ్చు, రోడ్డు ప్రయాణంలో భాగంగా అయిపోతుంది. గెయిరాంగర్ నుంచి బయల్దేరితే కుడివైపు ఏడుగురు అక్కచెల్లెళ్లు అనే జలపాతాల వరుస, సరిగ్గా ఎదుట ఎడమవైపు ‘పెళ్లికొడుకు’ అనే జలపాతం. కొండ నడుమన పట్టుకు వేలాడినట్టున్న పాత రైతుల ఇళ్లు కూడా కనిపిస్తాయి. జలపాతాల కోసం అయితే గెయిరాంగర్, అదీ మే, జూన్లలో. ఆగస్టు చివరికి ఏడుగురిలో కొందరు కనిపించరు. ఇరుకు కోసం, నిశ్శబ్దం కోసం అయితే నేరోయ్. ఆ కారు ఫెర్రీల్లో దొరికే ‘స్వెలె’ మాత్రం వదలొద్దు. మందపాటి మెత్తటి అట్టు, వెన్న చక్కెర రాసి మడిచి ఇస్తారు.

బెర్గెన్ నుంచి ఫ్లోమ్‌కి సోగ్నే ఫియర్డ్ మీదుగా వేసవిలో వేగపు పడవ ఉంది, అయిదున్నర గంటలు. దూరం తరగడానికి మంచిది, చూడటానికి కాదు. వేగం వల్ల ఎక్కువసేపు లోపలే కూర్చోవాల్సి వస్తుంది. బెర్గెన్ నుంచి కిర్కెనెస్‌దాకా 34 రేవులు తాకుతూ వెళ్లే తీరపు ఓడలు వేరే లోకం. పోయిరావడానికి పన్నెండు రోజులు, దాన్ని దీనితో పోల్చకూడదు.

గుడ్వాంగెన్ దగ్గరపడుతుండగా సిబ్బంది అనౌన్స్ చేస్తారు. వెంటనే జనమంతా సూట్‌కేసులు పట్టుకుని తలుపు దగ్గర వరుస కడతారు. మీరు కదలకండి. షటిల్ బస్సు పడవ వేళకే పెట్టినది, రేవు పక్కనే ఆగి ఉంటుంది, టికెట్ చేతిలో ఉంటే తొందర లేదు. ఆ చివరి పది నిమిషాల్లో పైడెక్కు ఖాళీ అయిపోతుంది. ఊరి మీద 755 మీటర్ల ఎత్తు నుంచి దిగే కెల్‌ఫోసెన్ జలపాతం సరిగ్గా అప్పుడే కనిపిస్తుంది.